మఫ్లరులో మఫిన్లు

ఇరవై మూడేళ్ళ వయసులో నాకు రాని పనులు చాలా ఉండేవి. వాటన్నిటిలోకీ బొత్తిగా రానిది "నాకు రాదు" అని చెప్పడం. ఆ రోజుల్లో ఎవరేమడిగినా "ఓ, అదా!" అనేసి, ఇంటికెళ్ళాక ఫోనులో వెతుక్కునేదాన్ని. ప్రపంచమంతా ఇట్లాగే నడుస్తుందని నా నమ్మకం. (చాలావరకు ఇట్లాగే నడుస్తుందని తర్వాత తెలిసింది, అది వేరే సంగతి.) క్యారెట్ మఫిన్ల కథ కూడా అట్లా మొదలైందే.

అప్పుడే బీఎడ్ పూర్తిచేసి తాండూరులో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లిషు టీచరుగా చేరాను. ఇల్లేమో వికారాబాదులో. పొద్దున రైలెక్కి పోవడం, సాయంత్రం రైలెక్కి రావడం. చేరిన రెండో రోజే మూడో పెట్టెలో ముగ్గురు ఆడవాళ్ళ పక్కన నాకు చోటు దొరికింది. వాళ్ళలో పెద్దావిడ ఆస్పత్రిలో నర్సు. ఎన్ని కాన్పులు చేసిందో ఆమెకే లెక్క తెలియదు. రైల్లో టీ అమ్మేవాళ్ళ దగ్గర్నుంచి టీసీ దాకా అందరూ ఆమెను సిస్టరమ్మా అనే పిలిచేవాళ్ళు. రెండో ఆవిడ బ్యాంకులో పనిచేసే వదిన. వదిన అంటే నాకు నిజంగా ఏమీ కాదు, మాటకు మాట అంటించే తీరు చూసి నేనే వరస కలిపాను; ఆమె మాత్రం నన్ను చెల్లె అనేది. మూడో ఆవిడ కన్నడ మేడం. సేడం వైపు నుంచి వికారాబాదుకు కోడలుగా వచ్చి, తాండూరులో లెక్కలు చెప్పేది. వాళ్ళకో కట్టుబాటు ఉంది. పొద్దున ఇంట్లో ఎవరూ టిఫిను తినరు. రోజుకొకరు వంతుల ప్రకారం అందరికీ తెస్తారు. రైలు ధారూరు దాటగానే డబ్బా మూత తెరుచుకుంటుంది. సిస్టరమ్మ జొన్నరొట్టెలు, పల్లికారం తెచ్చేది. వదిన ఇడ్లీలు తెచ్చేది. కన్నడ మేడం తెచ్చే నిమ్మకాయ పులిహోరలో పల్లీలు అన్నంతో సమానంగా ఉండేవి. నేను మాత్రం చెయ్యి కడుక్కుని వచ్చేదాన్ని.

అట్లా నెలరోజులు తిన్నాను. కొత్తపిల్ల కదా అని ఎవరూ ఏమీ అనలేదు. ఒక శుక్రవారం మూడో ఇడ్లీ అందుకుంటుంటే వదిన నవ్వుతూ, "చెల్లె చెయ్యి తినుడుకే లేస్తదా, చేసుడుకు గూడ లేస్తదా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ చెవులు వేడెక్కాయి. సిస్టరమ్మ నా మొహం చూసి, "ఊకో నువ్వు, చిన్నపిల్ల. ఉప్మా చేసినా తింటం, ఏం ఫికర్ లేదు. సోమారం నీ వంతు బిడ్డా" అంది. ఆ దయతోనే నాకు పౌరుషం వచ్చింది. ముందురోజే ఫోనులో ఎవరో అమ్మాయి చిరునవ్వుతో "ఇంట్లోనే సులువుగా క్యారెట్ మఫిన్లు" అని చేసి చూపించింది. "ఉప్మా ఎందుకక్కా, మఫిన్లు తెస్తా" అన్నాను.

"ఏంది, మఫ్లర్లా?" అంది సిస్టరమ్మ. "చలికాలం చెవులకు కట్టుకుంటరు గని తింటరా?"

"మఫ్లర్లు కాదక్కా, మఫిన్లు. చిన్న చిన్న కేకులు. క్యారెట్‌తో చేస్తారు. ఆరోగ్యం."

"చేసినవా ఎప్పుడన్న?" అని వదిన.

"చాలాసార్లు" అన్నాను. (ఆ "చాలాసార్లు" నా నోట్లోంచి ఎట్లా వచ్చిందో ఈనాటికీ తెలియదు.)

ఆదివారం పొద్దున సామాన్లు ముందేసుకుని కూర్చున్నాను. క్యారెట్లకు కొదవలేదు. నవాబుపేటలో మా మేనమామ క్యారెట్ వేస్తాడు. ధర లేనప్పుడల్లా ఒక సంచి మా ఇంట్లో దింపిపోతాడు. గోధుమపిండి, బెల్లం, పెరుగు, నూనె, యాలకులు ఇంట్లోవే. వంటసోడా కిరాణా కొట్టు నుంచి తెచ్చాను. లేనిదల్లా ఓవెన్. ఫోనులో అమ్మాయి దానికీ దారి చెప్పింది. కుక్కరులో ఉప్పు పరిచి, రబ్బరు, విజిల్ తీసేసి, సన్నమంట మీద నలభై అయిదు నిమిషాలు పెట్టాలట. అచ్చులు లేకపోతే స్టీలు గ్లాసులు చాలునట. మా ఇంట్లో ఉన్నది ఒకే పెద్ద కుక్కరు. ఆదివారం దాని మీద హక్కు మా నాయినది. అప్పటికే మటన్ తెచ్చి గడప దగ్గర నిలబడ్డాడు.

"గంట ఆగు నాయినా, ఉద్యోగం విషయం" అన్నాను. టిఫిను ఉద్యోగం కిందికి ఎట్లా వస్తుందని ఆయన అడగలేదు. కూతురు జీతం తెస్తోందన్న గౌరవమో ఏమో, మటన్ గిన్నె పట్టుకుని పోయి అరుగు మీద కూర్చున్నాడు.

నలభై అయిదు నిమిషాలయ్యాక మూత తీశాను. వాసన బాగుంది, రూపం మాత్రం తేడాగా ఉంది. పైన బంగారు రంగు రావాల్సింది, తెల్లగా, తడిగా, మెరుస్తూ ఉన్నాయి. వేలు పెడితే అతుక్కుంది. అడుగున చూస్తే ఉప్పు పాకమైపోయి ఉంది. నేను తల పట్టుకుంటే అమ్మ మెల్లగా దగ్గరికొచ్చింది.

"నువ్వు అటు పోంగనే రెండు గ్లాసుల నీళ్ళు పోసిన బిడ్డా. నీళ్ళు లేంది కుక్కరు పెడితే పేలదా? నా పానం ఎంత కొట్టుకున్నదో నీకేం తెలుసు! గా ఫోన్ల పిల్లకు చెప్పనీకె అమ్మ లేదా?"

ఏడవాలో కోప్పడాలో తెలియలేదు. నాయిన వచ్చి ఒకటి తీసుకుని, కళ్ళు మూసుకుని నమిలి, "కుడుములు మంచిగనే ఉన్నయి. జర తియ్యగైనయి, గంతే. ఇగ కుక్కరిస్తవా?" అన్నాడు. ఆ రోజు మటన్ తినేసరికి మూడు గంటలైంది.  

సోమవారం తెల్లారకముందే లేచి మళ్ళీ కలిపాను. ఈసారి అమ్మను వంటగది గడప అవతల కూర్చోబెట్టి, చెయ్యి కదపొద్దని ఒట్టు పెట్టించుకున్నాను. చిన్న గ్లాసులు అయిదు పట్టాయి. ఇరవై నిమిషాలకే ఇల్లంతా యాలకుల వాసన. ఫోనులో అమ్మాయిలాగే నేనూ చిరునవ్వు నవ్వుతున్నాను. అప్పుడు పొయ్యి మంట ఎర్రబడి, చిన్నదై, రెండుసార్లు టపటపమని ఆరిపోయింది. గ్యాసు బండ అయిపోయింది. ఇంకో బండ లేదు.

"నీళ్ళ పొయ్యి మండుతుంది గద!" అని నాయిన పెరట్లోంచి అరిచాడు. ఆయన స్నానానికి నీళ్ళు కాగుతున్న మూడు రాళ్ళ పొయ్యి అది. అండా దించి కుక్కరు ఎక్కించాం. సన్నమంట అన్న మాట ఆ పొయ్యికి తెలియదు. కంది కట్టె చిటపటలాడుతూ మండింది. పొగ మూతలోంచి లోపలికి పోతోందో, లోపలిది బయటికి వస్తోందో తెలియని పరిస్థితి. అంతలో రైలు టైమైంది. గ్లాసులు బయటికి తీద్దామంటే ముట్టుకోలేనంత వేడి. నాయిన మెడలోని ఉన్ని మఫ్లరు తీసి కుక్కరు చుట్టూ చుట్టి, దాన్ని జనపసంచిలో దించి, "బండెక్కు" అన్నాడు. ఆ చలిలో ఒళ్ళో వేడి కుక్కరు పెట్టుకుని, ప్రతి గుంతకూ లోపల గ్లాసులు గలగలమంటుంటే, స్టేషను దాకా కళ్ళు తెరవకుండా కూర్చున్నాను. రైలు కదులుతుండగా ఎక్కాను.

"ఏంది చెల్లే, కాపురం పెట్టనీకె పోతున్నవా?" అంది వదిన సంచి చూసి.

నేను జవాబు చెప్పేలోపే ఎదురుగా కూర్చున్న ఒక తలపాగా పెద్దమనిషి ముక్కు ఎగబీల్చాడు. బంట్వారం సంతకు గొర్రెల బేరానికి పోతున్నాడట. "అమ్మా, నీ సంచిలకెల్లి పొగ ఎల్లుతుంది చూడు" అన్నాడు నిదానంగా. చూస్తే నిజమే. సంచి మూతి దగ్గర సన్నగా, బూడిదరంగులో ఒక తీగ. (అడుగు మసిలో అంటుకున్న నిప్పురవ్వకు ఉన్ని మఫ్లరు మాడుతోందని తర్వాత తెలిసింది.) పక్క వరుసలో ఎవరో "పొగ! పొగ!" అని కేకేశారు. పిల్లలను ఎత్తుకుని లేచినవాళ్ళు లేచారు. కన్నడ మేడం ఏదో దేవుణ్ణి తలుచుకుంది. ఒకాయన చెయ్యెత్తి చైను పట్టుకోబోయాడు.

"చెయ్యి దించు!" అని సిస్టరమ్మ అరిచింది. ఆస్పత్రి వరండాలో వందమందిని ఆపే గొంతు అది. ఆయన చెయ్యి దించాడు. నాకైతే ఆ క్షణంలో కొత్త ఉద్యోగం, ఈ మూడో పెట్టెలో చోటు, నాయిన మఫ్లరు, మూడూ ఒకేసారి పోయినట్టనిపించింది.  అప్పుడే టీసీ కూడా వచ్చాడు.

"ఏమున్నయమ్మా గందుల?"

"మఫిన్లు సార్."

"మఫిన్లా? ఏ మిషన్ పార్టులు?" అన్నాడాయన. తాండూరు వైపు బండలు కోసే మిషన్ల సామాను రోజూ చూసే మనిషి, ఆయన తప్పేం లేదు.

"తినేవి సార్" అనేసరికి నా కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోయాయి. అంతే, సిస్టరమ్మ చీర కొంగు దోపి, సంచిలోంచి కుక్కరు పైకి లాగి, మాడుతున్న మఫ్లరు మీద సీసాలో నీళ్ళు గుమ్మరించింది. మూత తీసింది. లోపల అయిదు గ్లాసుల్లోనూ మఫిన్లు పైన పగుళ్ళిచ్చి, గోధుమరంగులో ఉబ్బి ఉన్నాయి. పెట్టెలో అందరూ మెడలు చాచి చూశారు. నాకు మళ్ళీ ప్రాణం వచ్చింది గానీ, గ్లాసు బోర్లిస్తే మఫిన్ రాలేదు. చెంచాతో కదిపితే రాలేదు. వదిన హెయిర్‌పిన్ను పెట్టి చూసింది. రాలేదు.

సిస్టరమ్మ గ్లాసు నా చేతిలోంచి తీసుకుంది. "ఎన్నెన్ని కాన్పులు చేసిన, గిదొకటి రాదా నాకు?" అంటూ ఒక అరచేత్తో మూతి పట్టి, గ్లాసును తలకిందులు చేసి, అడుగు మీద రెండు దెబ్బలు చరిచింది. మఫిన్ జారి ఆమె చేతిలో పడింది. అది ఏడవడమొక్కటే తక్కువ. చుట్టూ ఉన్నవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఒక్కొక్కటే తీసి, కాగితం మీద పడుకోబెట్టి, అయిదోది కూడా అయ్యాక, "తల్లి పిల్లలు బాగున్నరు" అని నా వైపు చూపించింది.

రుచి సంగతి నిజం చెప్పాలి. కింద అర అంగుళం బొగ్గు. నాయిన బండి దాటిన గుంతల పుణ్యమా అని కుక్కరు అడుగున పరిచిన ఉప్పు ఎగిరి అక్కడక్కడా అంటుకుంది. పైన పొగ వాసన. కానీ నడుమ ఉన్న ముక్క మాత్రం మెత్తగా, తియ్యగా, క్యారెట్ తురుముతో అద్భుతంగా ఉంది. "బీపీ ఉన్నోళ్ళు అంచులు తినకుండ్రి" అని సిస్టరమ్మ హెచ్చరించింది. ఒకటి తలపాగా పెద్దాయనకూ టీసీకీ చెరి సగం. డ్యూటీలో తినకూడదంటూనే టీసీ తన సగం ముగించాడు. కన్నడ మేడం ఒక ముక్క నోట్లో వేసుకుని, "భాళ ఛలో అదరీ!" అంది. ఛలో అంటే నడవమంటోందేమో, స్టేషను వచ్చిందేమోనని నేను లేచి నిలబడ్డాను. చాలా బాగుందని అర్థమట. వదినైతే నల్లని అడుగు కూడా గీకి గీకి తినేసి, "వచ్చే సోమారం జర జల్దీ లే చెల్లే" అంది. సాయంత్రం నాయిన మాడిన మఫ్లరును అటూ ఇటూ తిప్పి చూసి దండెం మీద వేశాడు. ఆ చలికాలమంతా అమ్మ పాత శాలువా చుట్టుకుని తిరిగాడు. మళ్ళీ చలి మొదలయ్యేలోపు నా జీతంలోంచి కొత్తది కొనిచ్చాను.

తాండూరులో దిగేముందు సిస్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, సంచిలోంచి పెన్నూ చిన్న పుస్తకమూ తీసింది. "మా అత్తమ్మకు పండ్లన్ని ఊడినయి. రొట్టె నములరాదు, పాలు తాగదు. పొద్దుగాల ఏం పెట్టాల్నో తెల్వక పరేషాన్ అయితున్న. గా నడిమి ముక్క ఆమె తింటది. ఎట్ల చేసినవో చెప్పు, రాసుకుంట" అంది.

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. కానీ ఆమె అంత శ్రద్ధగా పెన్ను పట్టుకుంటే ఎట్లా చెప్పను? కొలతలన్నీ చెప్పాను. "ముందు ఇరవై నిమిషాలు గ్యాసు మీద, తర్వాత కట్టెల పొయ్యి మీద" అన్నాను.

"రెండు గావాల్నా?"

"రెండూ కావాలక్కా. ఆ పొగతోనే దానికి రుచి" అన్నాను నిబ్బరంగా. ఆమె అది కూడా రాసుకుని, కింద గీత గీసింది. తర్వాత ఆ ముసలమ్మ బతికున్నన్నాళ్ళూ వారానికి రెండుసార్లు వాళ్ళింట్లో ఆ మఫిన్లు అయ్యాయి. మొదట గ్యాసు మీద, తర్వాత కుక్కరు మోసుకెళ్ళి పెరట్లో కట్టెల పొయ్యి మీద.

ఈ మధ్య సిస్టరమ్మ ఫోను చేసింది. రిటైరై కొడుకు దగ్గర, మూడో అంతస్తులో ఉంటోంది. మనవరాలికి మఫిన్లు చేయాలట. "గీడ కట్టెల పొయ్యి పెట్టనియ్యరు బిడ్డా. ఏం జెయ్యాలె?" అని దిగులుగా అడిగింది. నాకిప్పుడు ముప్పై దాటాయి, నా వంటింట్లో ఓవెన్ ఉంది, ఎనిమిదో తరగతి పిల్లలకు నిజం చెప్పడం గురించి పాఠాలు చెబుతుంటాను. నోరు తెరిచాను. చెప్పేద్దామనే తెరిచాను.

"పర్వాలేదక్కా, ఒక్క గ్యాసు మీద కూడా వస్తాయి" అన్నాను. "కాకపోతే రుచి కొంచెం తగ్గుతుంది."

"గదే నేననుకున్న" అని ఆమె నిట్టూర్చింది. ఫోను పెట్టేశాక చాలాసేపు ఒక్కదాన్నే నవ్వుకుంటూ నిలబడ్డాను.