బెల్లం కలిపిన కాంక్రీటు

లోకంలో అందరూ సిమెంటుతో ఇళ్లు కట్టారు, వంతెనలు కట్టారు, ప్రాజెక్టులు కట్టారు. నేను పాయసం చేశాను. పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, నాలుగు అంగుళాల మందం. ఇప్పుడు చెప్పబోయేది ఆ ఘోరమే. నా మీద జాలిపడాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోండి, నాకు జాలి అక్కర్లేదు.

అప్పటికి పెళ్లయి నాలుగేళ్లు. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో ఇల్లు, దగ్గర్లోనే ఓ బడిలో రసాయన శాస్త్రం చెప్పే ఉద్యోగం. ఏ శాస్త్రమో మీరు మరిచిపోయినా ఫర్వాలేదు, మా వీధి ఇంకా మరిచిపోలేదు. పెరట్లో నేను పోసుకున్న క్యాప్సికం నారును పందికొక్కులు వరుసగా మూడుసార్లు తినేశాయి. నేల కింద బొరియలు చేసుకుని, పెళ్లి భోజనానికి వచ్చినట్టు కుటుంబాలతో సహా వచ్చేవి. నాకు రోషం పుట్టింది. పైపులు నిలబెట్టి, పైన ప్లాస్టిక్ షీటు కప్పి గ్రీన్‌హౌస్ కట్టిస్తాను, కింద కాంక్రీటు పోయించి మొక్కలు కుండీల్లో పెడతాను, పళ్లు విరగ్గొట్టుకుని చావండి అని ప్రకటించాను. ఆదివారం పైపులు బిగిస్తారు, వచ్చి చూడండని స్టాఫ్‌రూంలో అందరినీ పిలిచాను కూడా.

సోమవారం గంగారాం మేస్త్రి పనికి వచ్చాడు. అదే పొద్దున, బోధన్ దగ్గర చెరకు వేసే మా బాపు పెద్ద సంచి నిండా బెల్లం మోసుకుని దిగాడు. కంకర కుప్ప చూడగానే ఆయనకు ఊరు గుర్తొచ్చింది.

"మనూరి దొర గడీ గోడ యాదికున్నదా బిడ్డా? గడ్డపార దిగది. సున్నంల బెల్లం నీళ్లు కలిపి కట్టిండ్రు."

ఆయన చెప్పింది నిజమే, సున్నం వరకు. నా బుర్ర సున్నం దగ్గర ఆగలేదు. సున్నానికే అంత బలమొస్తే సిమెంటుకు ఎంత రావాలి!

నేను బకెట్లో బెల్లం కరిగిస్తుంటే గంగారాం పార ఆపాడు.

"షర్బత్ ఎవరికి మేడం?"

"కాంక్రీటుకు."

"సిమెంట్ల బెల్లం ఎయ్యొద్దు మేడం. పని కరాబైతది."

"ఎందుకు కరాబైతది? కారణం చెప్పు."

"కారణం నాకేమెరుక? మా ఉస్తాద్ చెప్పిండు."

"నేను కెమిస్ట్రీ చెప్త గంగారాం. నువ్వేం చెప్తవ్?"

"నేనేం చెప్ప మేడం, గోడలు కడ్త. ఇరవై ఏండ్ల సంది కడ్తున్న. ఒక్కటి గూడ తియ్యగ లేదు."

బాపు కూడా నసిగాడు. "నేను సున్నం అన్న బిడ్డా, సిమెంట్ అనలే."

విన్నానా? బకెట్ ఎత్తి నా చేతులతోనే కుమ్మరించాను. గంగారాం ఆకాశం వైపు ఒకసారి చూసి, దేవుణ్ణి సాక్షిగా పెట్టుకున్నట్టు తల ఊపి, కాంక్రీటు పోసి చదును చేసి వెళ్లిపోయాడు.

మంగళవారం అది తడిగా ఉంది. గాలిలో తేమ అన్నాను. బుధవారమూ తడిగానే ఉంది. మంచి కాంక్రీటు తొందరపడదు అన్నాను. గురువారం మావారు పెరట్లోంచి పిలిచారు.

"ఇటు రా, మన కాంక్రీటు కదులుతున్నది!"

"కదలది. గట్టిపడుతున్నది."

"అవునవును, కదిలేది చీమలు."

జిల్లాలో ఉన్న చీమలన్నీ మా పెరట్లో జాతర చేస్తున్నాయి. గోడ మీదుగా పక్కింటి విజయక్క ముక్కు ఎగబీల్చింది. "ఏం చెల్లె, పూర్ణాలు చేస్తున్నవా?"

"కాంక్రీటు అక్కా," అన్నాను తల ఎత్తుకునే.

ఆదివారం ఆరుగురు టీచర్లు వచ్చారు. బాపు వెళ్లకుండా ఉండిపోయాడు. గంగారాం పిలవకుండానే వచ్చాడు. వెల్డర్ మొదటి పైపు నిలబెట్టాడు. అది నిద్రొచ్చిన మనిషిలా మెల్లగా ఒరిగి, లోపలికి దిగి, పడుకుంది.

"పైపే సక్కగ లేదు," అన్నాను. "కాంక్రీటు రాయి లెక్క ఉన్నది. చూడుండ్రి." చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, దర్జాగా నడిచి, మధ్యకు చేరాను. చేరేసరికి చీలమండలు కనిపించలేదు. కుడికాలు లాగితే చెప్పు రాలేదు. ఎడమకాలు అసలే రాలేదు.

"బయటికి రా బిడ్డా!" బాపు అరిచాడు.

"ఎందుకు రావాలె? నేను దీని మీద నిలబడ్డ!"

"మీద కాదు మేడం," అన్నాడు గంగారాం, "లోపట."

ఆరుగురు టీచర్లూ అరుగు మీద కూలబడి నవ్వారు. గంగారాం మాత్రం నవ్వకుండా చెక్కపలక పరిచి, నా చెయ్యి పట్టి బయటికి లాగాడు. "సిమెంట్ కాళ్లను కాలుస్తది, జల్ది కడుక్కోండ్రి" అంటూ పైపుతో నీళ్లు కొట్టాడు. అప్పుడు మాత్రం నాకు కొంచెం సిగ్గేసింది. కొంచెమే.

ఆ సాయంత్రం పుస్తకాలు తిరగేశాను. చక్కెర సిమెంటుకు అడ్డుపడి, నీటితో కలిసి గట్టిపడనివ్వదట. మర్నాడు గంగారాంకు గర్వంగా చెప్పాను, "కారణం దొరికింది!"

"మంచిగైంది మేడం," అని పార నా చేతికిచ్చాడు.

ఆ పాయసమంతా నేనే ఎత్తిపోశాను. రెండు రోజులు నడుం వంగలేదు, ఆ తర్వాత రెండు రోజులు లేవలేదు. గంగారాం మళ్లీ పోసిన కాంక్రీటు మాత్రం మర్నాటికే గట్టిపడింది. గ్రీన్‌హౌస్ లేచింది, క్యాప్సికం కాసింది.

కాబట్టి పాఠకులారా, నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట సిమెంటులో బెల్లం గానీ, చక్కెర గానీ, చివరికి దేవుడి ప్రసాదం గానీ కలపను. అయితే ఒక్క మాట. బెల్లం వద్దని గంగారాం చెప్పాడంతే. నిరూపించింది మాత్రం నేను.