బస్సెక్కి వచ్చిన అభిప్రాయం

నా వెబ్‌సైటులో ప్రతి కథ కింద 'మీ అభిప్రాయం తెలపండి' అని, ఇంటి అడ్రసుతో సహా పెట్టాను. పట్టించుకున్నది ఎమ్మిగనూరులో మగ్గం నేసే పెద్దాయన ఒక్కడే. టైపు చేయడం రాదు కాబట్టి, కొత్త కథ పెట్టినప్పుడల్లా బస్సెక్కి ఆదోనిలో మా ఇంటికి వచ్చేవాడు. కూర్చోమన్నా కూర్చోడు. ఫోను తీసి, బట్ట తడిమినట్టు తెర మీద బొటనవేలు జరుపుతూ ఒకచోట ఆగేవాడు.

"ఈడ పోగు తెగినాదప్పా. అతుకు."

నేను ఆ వాక్యం సరిచేసేవాణ్ణి. ఆయన తిరుగు బస్సుకు పోయేవాడు.

నా భార్య పోయిన రెండు నెలలకు ఆమె గురించి రాశాను. మర్నాడే వచ్చాడు. వేలు సగంలో ఆగింది.

"ఈడ తెగినాదప్పా."

సరిచేద్దామని కంప్యూటరు తెరిచాను.

"అతకొద్దు. అట్లే ఉండనీ," అన్నాడు. ఆ రోజు మొదటిసారి కూర్చున్నాడు.