సనోబర్ దిద్దకుండా వదిలిన కాగితం

పట్టు నేతకి పేరుపడ్డ మార్గిలాన్‌లో మా సమోసాల పొయ్యికీ సనోబర్ అక్క ఫోటో కొట్టుకీ మధ్య ఒకటే గోడ. పదిహేనేళ్లుగా ఆ గోడకి చెరోపక్కా ఉండి పోట్లాడుకుంటున్నాం. ఆవిడ నా సమోసాలు రోజూ తింటుంది, పైగా ఉల్లిపాయ తక్కువైందని వంక పెడుతుంది. అయినా ఆవిడ కొట్టు తీయని రోజు నాకేమీ తోచదు.

అక్క రంగులవాళ్ల కూతురు. వాళ్ల నాన్న పట్టు నూలుకి రంగులద్దేవాడు. తనూ అదే చేద్దామనుకుంది గానీ, తొట్టిలో చెయ్యి పెట్టిన ప్రతిసారీ మోచేతుల దాకా దద్దుర్లు లేచేవి. పద్దెనిమిదో ఏట తండ్రే ఆవిణ్ణి రంగులద్దే పెరట్లోంచి పంపేశాడు. ఈ సంగతి ఎప్పుడు చెప్పినా నవ్వుతూనే చెబుతుంది, చెప్పగానే ఏదో పని ఉన్నట్టు లోపలికి వెళ్లిపోతుంది.

ఆ తర్వాతే ఫోటో కొట్టు పెట్టింది. అక్కడ దిద్దని ఫోటో గడప దాటదు. ఎండకి కమిలిన పెళ్లికూతురు మెరిసిపోతుంది, వెలిసిన తివాచీ కొత్తదైపోతుంది. మా ఆయన బట్టతల ఒక్కటే ఆవిడకి లొంగలేదు.

ఈ వసంతంలో తుర్సునలి ఉస్తా ఆవిడకో పని అప్పజెప్పాడు. ఉస్తా అంటే మా దగ్గర పనిలో ఆరితేరిన మేస్త్రి. ఈయన అక్క వాళ్ల నాన్న దగ్గర పని నేర్చుకున్న మనిషి. ఇప్పుడు ఊళ్లో రంగుల విషయంలో ఆయన మాటే మాట. తన అరవై రంగులతో నమూనా పుస్తకం అచ్చు వేయమన్నాడు. నేతగాళ్లు అది చూసే నూలు అడుగుతారు కాబట్టి, ఆయన దానిమ్మ ఎరుపు కాగితం మీద కూడా దానిమ్మ ఎరుపుగానే రావాలి. ఆదివారం లోపల రాకపోతే పుస్తకం పని తాష్కెంట్ ప్రెస్సుకి వెళ్లిపోతుంది. అక్కకి నిద్ర కరువైంది. రంగుల పనిలోంచి ఒకసారి పంపేశారు, మళ్లీ పంపేస్తారేమోనని ఆవిడ భయం.

ప్రింటర్ ఏ రంగుని ఎలా వేస్తుందో తెలుసుకోవడానికి ఒక పద్ధతి ఉందట. వందల రంగు గళ్ల చార్టు ఒకటి అచ్చు వేసి, ఆరాక ఒక్కో గడినీ చిన్న పరికరంతో కొలవాలి. ఆ కొలతలతో ప్రొఫైల్ తయారవుతుంది. ఈ ప్రింటర్ గుణం ఇదీ అని చెప్పే ఫైలన్నమాట. ఫెర్గానాలో ఉన్న పిన్ని కొడుకు దగ్గర్నించి పరికరం తెచ్చి అక్క ఇదంతా చేసింది. తీరా పుస్తకం పేజీ వేస్తే దానిమ్మ కాస్తా ఉడికిన బీట్‌రూట్ అయింది. మళ్లీ చేసింది. బీట్‌రూట్ ఇంకా ముదిరింది. చార్టు మాత్రం రెండుసార్లూ కళకళలాడుతూ వచ్చింది. నాకు చూపించి మురిసిపోతే, దుప్పటి కుట్టించుకోమన్నాను. ఆ రోజు నా సమోసాల్లో ఉప్పు కూడా ఎక్కువైందంది.

శుక్రవారం పొద్దున్నే గడువు అడగడానికి ఉస్తా ఇంటికి బయల్దేరింది. ఒక్కతే వెళ్లే ధైర్యం లేక, సమోసాల పళ్లెంతో సహా నన్నూ లాక్కెళ్లింది. కాలవలోకి కొత్త నీళ్లు వదిలారని ఆయన పెరట్లో ఆ నీళ్లని పరీక్షిస్తున్నాడు. నీళ్లూ రంగూ తప్ప మరేమీ వేయకుండా ఒక్క తెల్ల నూలు చిలప ముంచి తీశాడు. అది పాత గోడలా, చూడ్డానికే దిక్కుమాలినట్టు ఉంది. ఆయనేమో దాన్ని తీగ మీద ఆరేసి తృప్తిగా చూసుకుంటున్నాడు.

"పటిక వేయడం మర్చిపోయారా ఉస్తా?" అంది అక్క.

"మర్చిపోలేదమ్మా. పటిక వేస్తే రంగు నూలుకి పట్టి బాగానే వస్తుంది. అప్పుడు నీళ్లేం చేశాయో, పటికేం చేసిందో నాకెలా తెలుస్తుంది? ముందు దీని వికారమంతా చూడనీ. ఆ తర్వాత ఎంత కావాలో అంతే వేస్తా. మీ నాన్న నేర్పిందే."

నోటి దాకా వెళ్లిన సమోసా అక్క చేతిలోనే ఆగిపోయింది. "నేను చార్టుకి పటిక వేసేశాను," అంది.

ఉస్తాకి అర్థం కాలేదు, నాకూ కాలేదు. గడువు మాటే ఎత్తకుండా నన్ను వెనక్కి నడిపిస్తూ దారంతా చెప్పుకొచ్చింది. చార్టు వేసేటప్పుడు సాఫ్ట్‌వేర్‌లో రంగుల దిద్దుబాటు ఆపేయాలి, ప్రింటర్ సెట్టింగులలో ఉన్నదీ ఆపేయాలి. ఆ సంగతి ఆవిడకి తెలియక కాదు. అలా ఆపి వేస్తే చార్టు మడ్డిగా వచ్చిందట. తన కొట్లోంచి ఇంత వెలవెలబోయే కాగితమా అని సిగ్గుపడి, పెళ్లి ఫోటోల దిద్దుబాటు మళ్లీ పెట్టేసింది.

"అంటే ముఖానికి పౌడరు కొట్టి మరీ వైద్యుడికి చూపించావు," అన్నాను.

"నోర్ముయ్, తొందరగా నడు," అంది.

ఆ మధ్యాహ్నం రెండు చోట్లా దిద్దుబాటు ఆపేసి చార్టు వేసింది. ఏడుపు ముఖంతో వచ్చింది ఆ కాగితం. ఎవరైనా చూస్తారేమోనని తెర వెనక ఆరబెట్టింది. శనివారం కొలిచి కొత్త ప్రొఫైల్ చేసింది. పుస్తకం వేసేటప్పుడు సాఫ్ట్‌వేర్‌కి ఆ ప్రొఫైల్ ఒక్కటే ఇచ్చి, ప్రింటర్ సొంత తెలివిని నిద్రలేపకుండా వదిలేసింది.

ఆదివారం ఉస్తా దానిమ్మ ఎరుపు పట్టు చిలప పట్టుకుని వచ్చాడు. గుమ్మం దగ్గర నీడలో పేజీ పక్కనే దాన్ని పెట్టి, పిడికిలి బిగించి, ఆ సందులోంచి ఒంటికన్నుతో చూశాడు. ఒక్క రంగే కనబడాలంటే రంగులవాళ్లు అలాగే చూస్తారు. పట్టు చూశాడు, కాగితం చూశాడు, మళ్లీ పట్టు చూశాడు. అక్క కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. నాకైతే పొయ్యి మీద సమోసాలున్న సంగతే గుర్తు లేదు.

ఆయన పిడికిలి విప్పి, చివరి పేజీ తీయమన్నాడు. అక్కడ ఆయన పెరట్లో రంగులద్దే ఏడుగురి పేర్లున్నాయి.

"ఎనిమిదో పేరు వెయ్యి," అన్నాడు.

"ఎవరిది ఉస్తా?"

"నీది. అద్దినవాళ్ల పేర్లే కదా వేస్తున్నాం."

సనోబర్ అక్క కళ్లు తుడుచుకుంది. పదిహేనేళ్లలో ఆవిడ నా ఎదుట ఏడవడం అదే మొదలు. నేనూ ఏడ్చాను, కాదనను.

"నాన్న ఉంటే ఈసారి నన్ను పంపేసేవాడు కాదు కదూ?" అంది.

"నాకు ఈ ఎరుపు కుదరడానికి మూడేళ్లు పట్టిందని మీ నాన్న రోజూ తిట్టేవాడు," అన్నాడు ఉస్తా. "నిన్ను తిట్టడానికి ఆయనకేం దొరికేది కాదు."