పేర్లు తెగిపోయిన రీలు

నా చిన్నప్పుడు, తమిళ సీమలోని రాయకోటలో మా పక్కింట్లో ఒక ముస్లిం పెద్దావిడ ఒంటరిగా ఉండేది. అందరం బూబమ్మ అనేవాళ్ళం. సినిమాకు మాటలొచ్చిన కొత్తలో తాను హీరోయిన్‌గా వేసిందనీ, వాళ్ళ మతంలో ఈ పక్కనుంచి తెర మీదికి పోయిన మొదటి ఆడమనిషి తానేననీ చెప్పేది. కంపెనీవాళ్ళు తెర కోసం ఆమెకు హిందూ పేరు పెట్టారట. పుట్టింటివాళ్ళు మళ్ళీ గడప తొక్కనివ్వలేదట. వీధిలో ఆడవాళ్ళెవరూ నమ్మేవాళ్ళు కాదు. కుట్టుమిషను ముందు వంగి కూర్చునే ఆ మనిషిలో హీరోయిన్ వాళ్ళకు కనిపించలేదు.

ఒక ఏడు టూరింగ్ టాకీసుకు ఆమె సినిమానే వచ్చింది. "నా పేరు పడతాది, చూద్దురు రండమ్మా" అని బూబమ్మ అందరినీ మొదటి ఆటకు పిలిచింది. వాళ్ళకు చదువు రాదు. ఆమెకు తెలుగు అక్షరాలు రావు. చదివి చెప్పే పని నాది. బడికి పోయింది మూడో తరగతి దాకే అయినా, లైబ్రరీలో తమిళ పుస్తకాల మధ్య ఉన్న ఒకే ఒక తెలుగు బీరువాను అప్పటికే సగం చదివేశాను. ఆ గర్వం నాకు బాగా ఉండేది.

దీపాలు ఆరాయి. పేర్లు పడలేదు. సినిమా ఒక్కసారిగా కథలోకి పోయింది. రీలుకు మొదలే ముందు చిరుగుతుందనీ, ఆడిన ప్రతి ఊళ్ళో చిరిగినంత కత్తిరించి అతికిస్తారనీ, అట్లా పేర్లన్నీ పోతాయనీ చాలా ఏళ్ళ తర్వాత ఒక పుస్తకంలో చదివాను. ఆరోజు నాకు తెలిసింది ఒక్కటే, బూబమ్మ నా భుజం తట్టి, పేరు పడిందా అని అడుగుతోంది.

తెర మీద పదహారేళ్ళ పిల్ల నవ్వుతోంది. "ఇదా నువ్వు? మరి పేరు యాడమ్మా?" అని ఎదురింటి అత్త ఎగతాళి చేసింది. అంతలో రీలు మార్చడానికి ఆట ఆపి, తెర మీద ఏవో అక్షరాలు వేశారు. నేను లేచి నిలబడి, వాటిని చదువుతున్నట్టే బూబమ్మ తెర పేరు గట్టిగా పలికాను.

అక్షరాల కింద బీడీ కట్ట బొమ్మ ఉంది. నేను చూసుకోలేదు.

"బీడీ కట్టకు కూడా నీ పేరే పెట్టినారా బూబమ్మా?" అని ఆడవాళ్ళ పక్కంతా గొల్లుమంది. పసిపిల్లకు అబద్ధం నేర్పించి పిలుచుకొచ్చిందన్నారు.

ఇంటికి నడుస్తూ ఆమె నన్ను తిట్టలేదు. "లేదని చెప్పింటే అది రీలు తప్పయ్యుండు బేటీ. ఇప్పుడు నేను అబద్ధమైపోయినాను" అంది, అంతే.

మర్నాడు ఇంటింటికీ పోయి, ఆమె నేర్పలేదు, నేనే కల్పించినానని ఏడుస్తూ చెప్పాను. "ఇది కూడా ఆయమ్మే చెప్పమనిందా?" అని నవ్వారు. బూబమ్మ మళ్ళీ ఎప్పుడూ సినిమా మాట ఎత్తలేదు.

చదువు రానివాళ్ళు ఇప్పటికీ నా చేతికి కాగితాలిస్తుంటారు. వాళ్ళు ఆశగా నా ముఖంలోకి చూస్తారు. కాగితంలో లేనిదాన్ని లేదనే చెబుతాను. ఆ తర్వాత వాళ్ళ ముఖంలోకి ఎట్లా చూడాలో మాత్రం ఏ పుస్తకమూ నాకు నేర్పలేదు.