మామగారి గ్రీజు డబ్బా

జుట్టు నెరిసినా అతను అల్లుడే. ఇల్లరికం వచ్చిన నాటినుంచీ బళ్లు బాగుచేసే షెడ్డుకొచ్చే గిరాకీలు కూడా "అల్లుడూ" అనే పిలిచారు. షెడ్డు యజమాని అయిన మామగారు మాత్రం పెద్దమేస్త్రి.

ఒక పొద్దున కూరగాయల ఆసామి తన పాత పికప్పు తోలుకొచ్చాడు.

"అల్లుడూ, ఇది కుడిపక్కకి ఈడుస్తోందయ్యా. డీజిలు చూస్తే ఏనుగులా తాగుతోంది."

అల్లుడు బండిని బజారు చివరిదాకా తిప్పుకొచ్చి, చక్రాల మీద చెంబుతో నీళ్లు చిలకరించాడు. మూడింటి మీద నీళ్లు ఊరికే జారిపోయాయి. ముందు కుడి చక్రం మాత్రం కాలిన పెనంలా చుయ్యిమంది. జాకీతో ఎత్తి తిప్పబోతే కదల్లేదు. గొట్టం మూసుకుపోయి బ్రేకాయిలు వెనక్కి రావడం లేదేమోనని, చక్రాన్ని పట్టకారులా పట్టి ఆపే కాలిపర్ మీది చిన్న నట్టు వదులు చేశాడు. తప్పు గొట్టానిదైతే ఆ దెబ్బకి చక్రం వదిలెయ్యాలి. వదల్లేదు. అంటే రోగం కాలిపర్‌లోనే ఉంది.

ఊడదీశాడు. హాయిగా జారాల్సిన పిన్నులు మేకుల్లా బిగుసుకున్నాయి. తట్టి లాగితే, ఉబ్బిపోయిన రబ్బర్లూ, నల్లటి గ్రీజూ బయటపడ్డాయి.

ఆ నలుపు చూడగానే అతనికి అర్థమైపోయింది. కాలిన ఇంజినాయిలు కలిపి గ్రీజు పలచన చేసే మనిషి ఒక్కడే, మామగారు. బేరింగుకీ అదే, తలుపు బందుకీ అదే. "రబ్బరున్న చోట అది పెట్టకండి మామా, ఉబ్బిపోతుంది. దానికి వేరే గ్రీజు ట్యూబుంది" అని అల్లుడు చెప్పి చెప్పి అలిసిపోయాడు. "నువ్వు పాలు తాగే రోజుల్లోనే నేను బ్రేకులు కట్టానురా" అనేవాడాయన.

"పోయినసారి ఇక్కడే కదయ్యా చేయించాను! ఎవరు కట్టారిది?" అన్నాడు ఆసామి.

పెద్దమేస్త్రి వంగి పిన్ను చూశాడు. ఆయనకీ తెలిసిపోయింది. అల్లుడి కళ్లలోకి ఒక్క క్షణం చూసి, చూపు తిప్పుకున్నాడు.

"అల్లుడి పనేలెండి. ఒళ్లు దగ్గర పెట్టుకుని చెయ్యొద్దట్రా?"

నోరు తెరిస్తే పెళ్లాం తండ్రి పరువు పోతుంది. తెరవకపోతే తన చేతికున్న పేరు పోతుంది. అల్లుడు పిన్ను గుడ్డతో తుడిచాడు.

"పొరపాటైందండి."

పిన్నులు తోమి, కొత్త రబ్బర్లు వేసి, సరైన గ్రీజు పెట్టాడు. చక్రం వేలితో తోస్తే గిర్రున తిరిగింది. ఎడమ చక్రం కూడా విప్పాలని చెప్పబోతే ఆసామి చెయ్యి అడ్డం పెట్టాడు.

"నువ్వు ముట్టుకోకు బాబూ. అది పెద్దాయన చేస్తాడు."

పెద్దమేస్త్రి నల్లటి డబ్బా పట్టుకొచ్చి ఎడమ చక్రం ముందు చతికిలబడ్డాడు.

"ఆ డబ్బా వద్దు మామా!"

"చూశారా, తప్పు తనది, బుద్ధులు నాకు!" అన్నాడాయన. ఆసామి పకపకా నవ్వాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర మామగారు కూతురితో అన్నాడు: "నీ మొగుడికి ఇంకో ముద్ద వడ్డించమ్మా. పొద్దుటినుంచీ కష్టపడ్డాడు." అల్లుడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

అప్పట్నుంచి రోజూ తెల్లారగానే మార్కెట్టుకి వెళ్లేవాడు. ఆసామి పికప్పులోంచి బుట్టలు దించుతుంటే ఎడమ చక్రం మీద చెంబెడు నీళ్లు చల్లి, చెవి ఒగ్గేవాడు.

"ఏంటి అల్లుడూ, చక్రానికి స్నానమా?" అని హమాలీలు ఆటపట్టించేవారు.

ఒకరోజు నీళ్లు చుయ్యిమన్నాయి. అల్లుడు పరుగున ఆసామి దగ్గరికి వెళ్లాడు.

"ఎడమది పట్టేసిందండీ. బండి కదపకండి, బ్రేకులు కాలిపోతాయి."

ఆసామి చెంబు వంక చూశాడు. తడిసిన చక్రం వంక చూశాడు.

"రోజూ దాని దగ్గర నీకేం పనా అనుకున్నాను. పెద్దాయన కట్టినదాన్ని కూడా కెలికావన్నమాట!"