తెర ఎర్రబడిన రోజు

2009లో నర్సింగ్ పూర్తిచేసి భద్రాచలంలో ఉద్యోగం వెతుక్కుంటున్నాను. హైదరాబాద్‌లో పెద్ద ఆస్పత్రిలో ఉద్యోగమంటూ నాకూ, నా స్నేహితురాలు సుజాతకూ ఈమెయిల్ వచ్చింది. సుజాత వెంటనే నెట్ సెంటర్‌కు వెళ్లి వాళ్ల వెబ్‌సైట్‌లో వివరాలు నింపింది. ఖమ్మం బస్టాండుకు కారు పంపుతామన్నారని ఒకరోజు పొద్దున్నే బయలుదేరింది.

ఆమె వెళ్లిన కాసేపటికి నేనూ నింపుదామని అదే నెట్ సెంటర్‌లో కూర్చున్నాను. లింకు నొక్కగానే తెరంతా ఎర్రబడింది. ఇది మోసపు సైటని ఇంగ్లీషులో హెచ్చరిక! సెంటర్ నడిపే రమక్కను పిలిచాను.

“నిన్ననే కొత్త బ్రౌజర్ ఏసిన. దొంగ సైట్లను గిట్ల ఆపుతదట. పాతదాంట్ల ఇది లేకుండె” అంది.

సుజాత నింపింది ఆ పాతదాంట్లోనే. ఫోన్ చేస్తే కలవలేదు. ఖమ్మంలో ఉండే వాళ్ల అన్నకు చేశాను.

“అన్నా, జల్దీ బస్టాండుకు పో! సుజాతను ఎవరి కారూ ఎక్కనియ్యకు.”

ఆయన వెళ్లేసరికి ఆమె సంచి కారులో పెట్టి, తానూ ఎక్కబోతోంది. “ఏ దవాఖానా మీది?” అని ఆయన గట్టిగా అడగగానే, కారులోని వాళ్లు ఆమెను అక్కడే వదిలేసి సంచితో సహా ఉడాయించారు.

పోలీసులకు చెప్పినా ఆ కారు దొరకలేదు. ఇప్పుడు మేమిద్దరం నర్సులమే. రోజూ ఎన్నో మాట్లాడుకుంటాం. ఆ కారు ఎక్కడికి వెళ్లేదోనన్న మాట మాత్రం ఎత్తం.

– స్వరూప, దుమ్ముగూడెం