ఒతోసె ఇంట్లో నిప్పు

ఒతోసె చేసిన నేరం ఒక్కటే. వానలు ముఖం చాటేసిన ఏడు, తన వంతు రాకముందే కాలువ గట్టు తెంపి మడిలోకి నీళ్లు మళ్లించుకుంది. మొగుడు పోయిన ఆడది, కళ్లముందే వరి ఎండిపోతుంటే ఏం చేస్తుంది? కానీ షినానో కొండల్లో నీటి వంతు తప్పడమంటే మాటలు కాదు. ఊరు వెలివేసింది. నాట్లకు సాయం రారు, పండక్కి పిలవరు, ఎదురుపడితే పలకరించరు. ఇంట్లో చావొస్తేనో, నిప్పంటుకుంటేనో మాత్రం వస్తారు. ఆ రెండూ ఊరందరి బాధ్యత.

రెండేళ్లు పళ్లబిగువున నెట్టుకొచ్చింది, మొండిఘటం. ఈసారి ఇంటికప్పు కుళ్లిపోయింది. రెల్లు కప్పడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు, ఊరంతా చెయ్యి వెయ్యాలి. పది రోజుల్లో మంచు పడుతుంది. దగ్గుతో పడకేసిన అత్త ఈ కప్పు కింద చలికాలం దాటదు.

“నేను చస్తే వస్తారు గదే అందరూ,” అంది అత్త. “అప్పుడు బతిమాలి కప్పించుకో.”

“చాల్లే అత్తా! నిన్ను పాతిపెట్టి పోతారు. కప్పు జోలికి రారు.”

“అయితే రెండోది చూడు.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

మర్నాడు పొద్దున ఒతోసె పొయ్యిలో పచ్చి దేవదారు రెమ్మలు కుక్కింది. కప్పు సందుల్లోంచి పొగ గుప్పుమని లేచింది. వాకిట్లో కూర్చోబెట్టిన అత్త, “మంటలోయ్! చచ్చాన్రో!” అని ఊరు అదిరిపోయేలా అరిచింది. అంత గొంతు ఎక్కడ దాచుకుందో మహాతల్లి!

ఊరి గంట మోగింది. ఊరంతా కొక్కేల కర్రలతో పరుగెత్తుకొచ్చి, నిప్పు పాకకుండా కప్పును సగం లాగి పారేశారు. ఊరిపెద్ద గెన్పాచి లోపలికెళ్లి పొయ్యి చూశాడు. పచ్చి రెమ్మలూ చూశాడు. ఒతోసె అతని కాళ్ల మీద పడింది.

“పెద్దయ్యా, తప్పు నాదే. ముసలిదాన్ని మాత్రం...”

“నోర్ముయ్,” అని గెన్పాచి బయటికొచ్చి గడ్డం గోక్కున్నాడు. “నిప్పే. నా కళ్లతో చూశాను. కాలిన ఇంటికి కప్పు వెయ్యాల్సింది మనమే. ఈ ఏడు మా ఇంటి వంతుకని కోసిన రెల్లుంది, అది పట్రండి. మా కప్పు ఇంకో ఏడాది ఆగుతుంది.”

మధ్యాహ్నానికల్లా ఇంటి మీద మనుషులే మనుషులు. ఒతోసె కొయ్యబారిపోయి వాకిట్లో నిలబడింది. పైనుంచి పొరుగింటి ఒరికు కేకేసింది.

“ఏమే ఒతోసే, అలా గుడ్లప్పగించి చూస్తావేం? కట్టలందించు!”

రెండేళ్లలో అత్త కాక మరో మనిషి ఆమెను పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. ఒతోసె ముక్కు చీదుకుంటూ, ఏడుస్తూనే కట్టల దగ్గరికి పరుగెత్తింది.